ఆ గోడలు ఆరిన కాలం

ఆ ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నేను ముందుగా చేసిన పని వెనుక గది గోడకు అరచెయ్యి ఆనించడం. వాన పడి అప్పటికి రెండు నెలలు దాటింది. అయినా గోడ చల్లగా, చెమ్మగా ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతి గీతల్లో ఉప్పులాంటి తెల్లని పొడి అంటుకుని ఉంది. ఇల్లు చూపించడానికి వచ్చిన పెద్దమనిషి ఒక్కొక్క కిటికీ తెరుస్తూ, ఈ ఇల్లు రెండు వందల ఏళ్ళ నాటిదని, గోడలన్నింటికీ ఈమధ్యనే సిమెంటు గిలాబా చేయించామని, కొన్నవారికి ఇక ఏ బెంగా ఉండదని చెబుతున్నారు. నా భార్య ఆ మాటలు వింటూనే, కిటికీ అద్దంలోంచి బయటి చెట్టును చూస్తూ నిలబడిపోయింది. ఆ అద్దం చదునుగా లేదు. ఆమె తల కాస్త కదిపినప్పుడల్లా చెట్టు కాండం నీటిలో నీడలా వంగి, మళ్ళీ నిటారుగా నిలబడుతోంది. "ఈ అద్దాలు మాత్రం మార్చవద్దండీ" అంది నాతో, ఇల్లు అప్పటికే మాదైపోయినట్టు. పదహారేళ్ళు గడిచాయి. ఆ ఇంటి మాట ఎవరు ఎత్తినా నాకు ముందు గుర్తుకొచ్చేవి చేతికంటిన ఆ ఉప్పూ, అద్దంలో వంగిన ఆ చెట్టూ.

కొనే ముందు ఇంటిని ఇద్దరు ఇంజనీర్లకు చూపించాము. మొదటివారు అరగంటలో గదులన్నీ చుట్టివచ్చి, పునాది బలం తెలియని ఇంటి మీద పెట్టుబడి పెట్టేకన్నా పడగొట్టి కొత్తగా కట్టుకోవడం మేలని తేల్చేశారు. రెండవవారు పాత కట్టడాల పనిలోనే జీవితం గడిపిన మనిషి. ఆయన లోపలికి రాకముందే ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగారు. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో, నేల వాలు గోడ వైపుకు ఉందో అవతలికి ఉందో, ఏళ్ళ తరబడి మట్టి పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తు పెరిగిందేమో చూశారు. తరువాత అటక ఎక్కి, దూలాల కొనలు గోడలోకి దిగే చోట సన్నని ఊచతో గుచ్చి చూశారు. గట్టిగా ఉన్న చోట ఊచ ఆగిపోయింది, ఒక మూల మాత్రం వేలెడు లోతుకు దిగిపోయింది. పగుళ్ళ దగ్గర భూతద్దం పట్టుకుని నన్ను పక్కకు పిలిచారు. పగులు అంచుల్లో దుమ్మూ పాత వెల్లా పేరుకుని ఉంటే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయిన పగులని, అంచులు పదునుగా శుభ్రంగా ఉంటే అది ఇంకా కదులుతున్న పగులని ఆయన చూపించాక, అంతవరకూ భయపెట్టిన గోడలు నాకు కాస్త అర్థమవడం మొదలైంది. సాయంత్రం వెళ్ళబోతూ ఆయన ఇలా అన్నారు: "ఈ ఇంటి జబ్బు వయసు వల్ల వచ్చింది కాదు బాబూ, మొన్నమొన్నటి మరమ్మతుల వల్ల వచ్చింది. కొనుక్కోండి. కానీ కొన్న తరువాత ఒక ఏడాది పాటు ఏ గోడనూ ముట్టుకోకండి."

కొనుగోలు వ్యవహారం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చేతులు మారిన పత్రాల వరుసలో ఎక్కడా లంకె తెగలేదని నిర్ధారించుకోవడానికే చాలా వారాలు పట్టింది. రక్షిత కట్టడాల జాబితాలో ఇల్లు ఉందో లేదో కూడా సంతకాలు చేసే ముందే తెలుసుకున్నాము, ఎందుకంటే జాబితాలో ఉన్న ఇంటికి కిటికీ మార్చాలన్నా అనుమతి కావలసి రావచ్చు. పాత ఇళ్ళు కొనేవారు ధర మాట్లాడుకోవడంలో చూపే శ్రద్ధలో సగమైనా ఈ విషయం మీద చూపరు. తరువాత చింతించినవారిని నేను ఇద్దరు ముగ్గురిని చూశాను.

ఏడాది ఆగమన్న మాట మొదట మాకు మింగుడుపడలేదు. తాళాలు చేతికొచ్చిన ఉత్సాహంలో ఆ వారమే పని మొదలుపెట్టాలని ఉంది. అయినా ఆగాము. ముందు వైపు రెండు గదుల్లో చేరి, మిగిలిన ఇంటిని చూస్తూ గడిపాము. ఈ రోజున ఆలోచిస్తే ఆ ఏడాదే అన్నిటికంటే విలువైనదని అనిపిస్తుంది. పగుళ్ళకు అడ్డంగా సన్నని గాజు పలకలు అంటించి, పక్కన పెన్సిలుతో తేదీ వేసుకున్నాము. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఏడు పలకలు అంటిస్తే సంవత్సరంలో ఒక్కటే విరిగింది. వాన కురిసే రాత్రులు టార్చి పట్టుకుని అటక ఎక్కి, నీరు ఎక్కడ దిగి, ఏ వాసం వెంట జారి, ఎంత దూరాన బొట్టుగా రాలుతోందో గుర్తులు పెట్టుకునేవాణ్ణి. నీరు కప్పులోకి దిగిన చోటుకీ, గదిలో మరక కనబడిన చోటుకీ మధ్య ఒక్కోసారి పది పన్నెండు అడుగుల ఎడం ఉండేది. పొద్దుటి ఎండ ఏ గదిలోకి ఎంత దూరం వస్తుందో, ఏ కిటికీలు ఎదురెదురుగా తెరిస్తే గాలి ఆడుతుందో, ఏ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందో మాకు తెలిసింది. పడగొట్టాలని మొదటి వారంలో నేను అనుకున్న చిన్న అడ్డగోడ ఒకటి ఉంది. మధ్యాహ్నపు ఎండను పడకగదిలోకి రానివ్వకుండా ఆపుతున్నది అదేనని నడివేసవిలో గాని తెలియలేదు.

ఇంటి వయసు తెలుసుకునే పని కూడా ఆ ఏడాదిలోనే సాగింది. రెండు వందల ఏళ్ళన్న మాటకు కాగితం ఆధారం లేదు. ఇంజనీరు గారు నన్ను మేకుల దగ్గరకు తీసుకువెళ్ళారు. కమ్మరి ఒక్కొక్కటిగా సాగగొట్టిన మేకు నాలుగు పలకలుగా ఉండి మొన వైపు సన్నబడుతుంది, తల మీద సుత్తి దెబ్బల ముఖాలు కనిపిస్తాయి. 18వ శతాబ్దం చివర నుంచి ఇనుప రేకును యంత్రంతో కోసి చేసిన మేకులు వచ్చాయి. ఇప్పుడు మనం వాడే గుండ్రని తీగ మేకులు విరివిగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో. కలప మీది రంపపు గీతలు కూడా అలాగే మాట్లాడతాయి. ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి లాగిన రంపం ఒక్కోచోట ఒక్కో ఎడంతో తిన్నని గీతలు వదులుతుంది, యంత్రానికి అమర్చిన గుండ్రటి రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. మా ఇంట్లో వెనుక భాగమంతా కమ్మరి మేకులు, తిన్నని గీతలు. ముందు సావడి పైకప్పులో తీగ మేకులు, వంపు గీతలు. అంటే ఇల్లు ఒకేసారి కట్టినది కాదు, కనీసం రెండు తరాల వాళ్ళు కట్టినది. వెనుక భాగం అమ్మినవారు చెప్పినంత పాతదే కావచ్చు. ముందు భాగానికి మాత్రం ఆ వయసు లేదు. ఈ సంగతి తెలిసిన రోజున నాకు నిరాశ కలగలేదు సరికదా, ఎవరో ఒక కుటుంబం పెరిగి, చోటు చాలక, ముందుకు జరిగి కట్టుకున్నారన్న ఊహ ఎంతో సంతోషాన్నిచ్చింది.

రెండో ఏడాది పైకప్పుతో పని మొదలైంది. పాత ఇంటి పనికి వరుస ఒక్కటే: ముందు కప్పు, తరువాత నీటి దారులు, ఆ తరువాతే గోడలు, నేల, రంగులు. కప్పు కారుతుండగా గోడలకు పూత వేయడమంటే పడవ అడుగున చిల్లి ఉంచి నీళ్ళు తోడడమే. ఊచ వేలెడు దిగిన మూలన పెంకులు తీసి చూస్తే, రెండు కప్పుల వాలులు కలిసే చోట ఉన్న నీటి కాలువ ఆకులతో పూడిపోయి, ఎన్నో ఏళ్ళుగా నీరు గోడలోకే దిగుతోందని తెలిసింది. కలపలో తేమ ఐదో వంతు దాటి, అలాగే నిలిచి ఉంటే దానికి బూజుజాతి పట్టి కుళ్ళిపోతుంది. పొడిగా ఉన్న కలప మాత్రం శతాబ్దాలు నిలుస్తుంది. ఆ దూలం కూడా గోడలో దాగిన రెండడుగుల మేర పొడిపొడిగా రాలిపోతున్నా, మిగిలిన పద్నాలుగు అడుగులూ గంట కొట్టినట్టు మోగుతోంది. ఒక గుత్తేదారు వచ్చి దూలం మొత్తం తీసి ఇనుప దూలం వేద్దామన్నాడు. వడ్రంగి ఒప్పుకోలేదు. అప్పటికి అరవై దాటిన ఆయన, పాడైన రెండడుగులనే ఏటవాలుగా కోసి, అదే జాతి పాత కలప ముక్కను పొడవాటి అతుకుతో జోడించి, కర్ర శీలలతో బిగిస్తానన్నారు. ఆ అతుకు కోయడానికే ఆయనకు నాలుగు రోజులు పట్టింది. రెండు ముఖాలు కలిపి చూసి, మళ్ళీ విడదీసి, మసి రాసి కలిపి, మసి అంటిన చోటల్లా ఉలితో పొరలు తీసి, వెలుతురు దూరనంతగా అవి కలిసేదాకా ఆయన తల ఎత్తలేదు.

పెంకులన్నీ దించిన ఆ రోజుల్లోనే నేను వాసాల మీది గుర్తులు చూశాను. ప్రతి అతుకు దగ్గరా రెండు కర్రల మీదా ఉలితో కొట్టిన చిన్న గాట్లు ఉన్నాయి: ఒకచోట మూడు, ఒకచోట నాలుగు, ఒకచోట ఐదింటికి గుర్తుగా ఒక అడ్డగాటు. వడ్రంగులు కప్పు చట్రాన్ని ముందు నేల మీద అమర్చి, జతలు సరిచూసుకుని, ఏది దేనితో కలవాలో గాట్లు పెట్టుకుని, విప్పి, పైకెక్కించి మళ్ళీ కూర్చేవారట. ఏడో జత దగ్గర ఒక వాసం మీద గాట్లు ఎనిమిది పడ్డాయి. ఎనిమిదో గాటును ఎవరో బాడిసతో చెక్కి చెరిపేశారు. వేలితో తడిమితే అక్కడ చెంచాడు పల్లం తెలుస్తుంది. వందేళ్ళకు పైబడిన ఆ పొరపాటునూ, దాన్ని దిద్దిన చేతినీ చూసి మా వడ్రంగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన కొత్త ముక్క మీద, పైకి కనబడని వైపున, ఆ సంవత్సరపు అంకెలు చెక్కారు. పాతదానిలో కలిసిపోయే పని చేస్తూనే ఇది కొత్తదని తెలిసేలా గుర్తు ఉంచాలని 1964లో వెనిస్‌లో సమావేశమైన వాస్తుశిల్పులు, నిపుణులు ఒక ప్రకటనలో రాసుకున్నారని నాకు ఇంజనీరు గారు చెప్పారు. మా వడ్రంగి ఆ ప్రకటన పేరు కూడా వినలేదు.

గోడల పని దగ్గరకు వచ్చేసరికి మూడో ఏడు. వెనుక గది సిమెంటు గిలాబాను ఉలితో కదిపితే పెద్ద పెచ్చు ఒకటి ఊడి పడింది. దాని వెనుక ఇటుకల ముఖాలు కూడా అంటుకుని వచ్చేశాయి. లోపలి ఇటుక నొక్కితే రాలే తడి పిండిలా ఉంది. జరిగింది ఇదీ: పాత గోడలు మెత్తని ఇటుకతోనూ సున్నంతోనూ కట్టినవి, వాటిలోకి నేల నుంచీ వాన నుంచీ కొంత తేమ వస్తుంది, అదే దారిన ఆవిరై పోతుంది. 1824లో జోసెఫ్ ఆస్ప్డిన్ ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్న తరువాత వచ్చిన ఈ గట్టి పదార్థం కొత్త కట్టడాలకు ఎంత మేలు చేసిందో, పాత మెత్తని గోడల మీద పూసినప్పుడు అంత కీడూ చేసింది. తేమ బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. అందులో కరిగి ఉన్న ఉప్పు ఇటుక రంధ్రాల్లో స్ఫటికాలై పెరిగి ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. మొదటి రోజు నా అరచేతికి అంటింది ఆ ఉప్పే. గోడ గట్టిపడుతుందన్న నమ్మకంతో ఎవరో మంచిమనసుతోనే చేయించిన పని అది. అయినా ఆ పెచ్చులు మోసి బయట పోస్తున్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రీ కోసం ఎనిమిది నెలలు వెతికాము. చివరికి దొరికినవారు డెబ్బై ఏళ్ళ మనిషి. పని మానేసి చాలాకాలమైందని ముందు రానన్నారు, గోడ చూడడానికి మాత్రం వచ్చారు. చూశాక ఇక వెళ్ళలేదు. పెరట్లో గుంత తవ్వించి, నీళ్ళు నింపి, కాల్చిన సున్నపు గడ్డలు ఒక్కొక్కటిగా వేయించారు. గడ్డల మీద నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోకే గడ్డలు వేయాలి. లేకపోతే ఎగిరి కళ్ళలో పడుతుందని మా ఇద్దరినీ దూరంగా నిలబెట్టారు. కొద్ది క్షణాల్లో గుంత సలసల మరిగింది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పోయి, శుద్ధమైన రాయి అయితే 100 కిలోలకు 56 కిలోలే మిగులుతాయి. నీటితో కలిసినప్పుడు ఆ గడ్డ మెత్తని ముద్ద అవుతుంది. గోడ మీదికి వెళ్ళాక గాలిలోని అదే వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. రాయి ముద్దై, ముద్ద మళ్ళీ రాయై నిలిచే ఈ ప్రయాణం పుస్తకంలో చదివి తెలుసుకున్నదే అయినా, కళ్ళ ముందు గుంత మరుగుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ముద్ద మీద జానెడు నీరు నిలిపి, మూత వేసి, నాలుగు నెలలు దాని వైపు చూడవద్దన్నారు మేస్త్రీ గారు. మళ్ళీ ఆగడమే.

ఆగలేని రోజు ఒకటి వచ్చింది, దాని ఫలితమూ చూశాను. గిలాబా పని సగం అయ్యేసరికి మేస్త్రీ గారికి జ్వరం వచ్చి పది రోజులు రాలేదు. కూలీలు ఖాళీగా ఉన్నారని నేను తొందరపడి, ఆయన కలిపి ఉంచిన మిశ్రమంతోనే తూర్పు గోడ పూయించాను. ఎండ తీవ్రంగా ఉంది, పొడిగాలి వీస్తోంది. తడి గోనెపట్టాలు కప్పాలన్న సంగతి తెలిసినా, రెండు మూడు గంటలు ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాను. మూడో రోజుకు గోడంతా సాలెగూడులా బీటలు వారింది. వారానికి గోటితో గీస్తే పొడి రాలింది. మేస్త్రీ గారు వచ్చి గోడను చూపుడువేలితో ఒకసారి గీసి, "ఎండ చూసి పెట్టుకునే పని కాదు బాబూ ఇది, మబ్బు చూసి పెట్టుకోవాలి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. సున్నం గట్టిపడాలంటే గాలిలోని వాయువు ముందు నీటిలో కరగాలి. తడి ముందే ఆరిపోతే సున్నం సున్నంగానే ఉండిపోతుంది, రాయి కాదు. ఆ గోడంతా చెక్కించి, మళ్ళీ మొదటి నుంచి పూయించాము. పొరకు వేలి మందం మించకుండా మూడు పొరలు, ఒక్కొక్క పొర మధ్య రోజుల తరబడి ఎడం, ఉదయం సాయంత్రం పట్టాలు తడపడం. లోపలికి గట్టిపడడం నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే సాగుతుందని తెలిసిన తరువాత ఆ నెమ్మది నాకు విసుగనిపించలేదు.

చెమ్మ వదలని అడుగు భాగానికి మేస్త్రీ గారు సున్నంలో మెత్తగా దంచిన ఇటుకపొడి కలిపారు. గులాబీ రంగు తిరిగిన ఆ ముద్ద తడిలోనూ గట్టిపడుతుంది. రోమనులు నీటితొట్ల లోపలి పూతకు వాడినదీ ఇటుకపొడి కలిపిన సున్నమే.

పూత పూర్తయినా గోడ ఆరినట్టు కాదు. తడిసిన గోడ అంగుళం మందానికి ఒక నెల చొప్పున ఆరుతుందని పాత కట్టడాల పనివారు ఒక లెక్క వేసుకుంటారు. మా గోడలు పద్దెనిమిది అంగుళాలు. ఏడాదిన్నర పాటు నేను ప్రతి నెల మొదటి ఆదివారం తేమ కొలిచే పరికరం పట్టుకుని, పెన్సిలు గుర్తులున్న పన్నెండు చోట్ల కొలత తీసి పుస్తకంలో రాసేవాణ్ణి. నా భార్య అంకెలు చదివితే నేను రాసేవాణ్ణి, మా చిన్న కూతురు ముందు నెల అంకె వెతికి తగ్గిందో పెరిగిందో చెప్పేది. తగ్గితే మా ముగ్గురి ముఖాల్లో వెలిగిన సంతోషం నాకు ఇప్పుడు ఎంతగా గుర్తుకొస్తుందో చెప్పలేను. ఆ పుస్తకంలో చివరి కొలత రాసిన ఆదివారం, ఇక వచ్చే నెల ఈ పని లేదు కదా అని మా అమ్మాయి దిగులుపడింది.

కిటికీల సంగతి చెప్పాలి. పాత అద్దాలు ఏళ్ళ తరబడి కిందికి జారి మందం అవుతాయని, అందుకే వంకర్లు కనిపిస్తాయని చాలామంది చెబుతారు. అది నిజం కాదు, గాజు అలా కారదు. ఊది, గొట్టంలా సాగదీసి, చీల్చి, వేడి మీద పరిచి చేసిన అద్దంలో అలలు పుట్టుకతోనే ఉంటాయి. కరిగిన తగరం మీద గాజును తేల్చి చదునుగా చేసే పద్ధతిని బ్రిటన్‌లో పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో ప్రకటించింది. అది వ్యాపించాక అద్దాల్లో అలలు పోయాయి. మా ఇంట్లో ముప్పై రెండు పాత పలకలు ఉండేవి, ఇప్పుడు ముప్పై ఒకటి. పాత లప్పం రాయిలా బిగుసుకుని ఉంటే, గరిటెను కాస్త పక్కకు వంచి ఒత్తినందుకు ఒక పలక మూల నుంచి మూలకు చిట్లింది. ఆ శబ్దం విని వచ్చిన నా భార్య నన్ను ఏమీ అనలేదు. ముక్కలు ఏరి, గుడ్డలో చుట్టి దాచింది. ఆ తరువాత లప్పాన్ని అవిసె నూనెతో రోజుల తరబడి నానబెట్టి గాని ముట్టుకోలేదు. పాత రంగుల్లో సీసం ఉండే ప్రమాదం ఎక్కువని కూడా అప్పుడే తెలిసింది. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించిందే 1978లో. పరీక్ష చేయిస్తే మా కిటికీ రంగులో సీసం ఉందని తేలింది. పొడిగా గీకితే దుమ్ము, మంటతో కాలిస్తే పొగ, రెండూ పిల్లలకు విషమే కనుక, తడుపుతూ గీకి, ముక్కుకు తగిన ముసుగు కట్టుకుని, రాలిన ప్రతి పొరనూ సంచుల్లో కట్టి అప్పగించాము. ఆ నెలన్నర అమ్మాయిని ఆ వైపు అడుగుపెట్టనివ్వలేదు.

మా ఇద్దరికీ గట్టిగా అభిప్రాయభేదం వచ్చింది మేడమెట్ల పక్కన ఉన్న చెక్కడపు కటకటాల దగ్గర. ఐదు పలకల్లో రెండు మిగిలాయి. మూడు లేవు. మిగిలిన రెండింటిలో ఒకే లతా నమూనా ఉంది కనుక మూడింటినీ అలాగే చెక్కించాలని ఇద్దరమూ అనుకున్నాము. గొడవంతా పై వసారా గురించి. అక్కడ కటకటాలు ఉండేవని నేలలోని గాడులు చెబుతున్నాయి గాని, ఎలాంటివో తెలిపే ముక్క ఒక్కటీ లేదు. ఆ కాలపు చెక్కడాలు చూసి అందంగా ఒకటి చేయిద్దామని నేను పట్టుబట్టాను. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో వాస్తుశిల్పి వియొలె ల దుక్ నమ్మింది అదే: కట్టడం ఎప్పుడూ లేనంత పరిపూర్ణంగా దాన్ని నిలబెట్టవచ్చునని. ఆ ధోరణిని ఎదిరించి ఆంగ్ల కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో లండనులో ప్రాచీన కట్టడాల రక్షణకు సంఘం పెట్టారు; పాతదాన్ని కొత్తగా చేయడం మాని, కారే కప్పును బాగుచేస్తూ నిత్యం కాపాడుకుంటే చాలునన్నది ఆయన పక్షం. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని వెనిస్ ప్రకటన ఇంకా సూటిగా చెప్పింది. ఆ వాక్యాన్ని నా భార్య కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటించింది. వారం రోజులు దాన్ని దాటుకుంటూ మెట్లెక్కి దిగాక నేను ఒప్పుకున్నాను. పై వసారాకు ఏ చెక్కడమూ లేని తిన్నని కర్రలు పెట్టించాము. ఈనాటికీ వాటిని చూసినప్పుడు లోపల కొంచెం వెలితిగా ఉంటుంది. అయినా మేము అబద్ధమాడలేదన్న నెమ్మది కూడా ఉంటుంది.

విద్యుత్తు, నీటి గొట్టాల పని చప్పున అయిపోయింది. గోడలు తొలవకుండా పాత గాడుల్లోంచీ అటక మీదుగానూ తీసుకువెళ్ళాము, రేపు ఎవరైనా తీసివేయాలనుకుంటే ఇంటికి గాయం కాకుండా తీయవచ్చు.

మేస్త్రీ గారు మూడేళ్ళ క్రితం కాలం చేశారు. అంతకు ముందు సంవత్సరం వరకూ వెల్ల వేసే రోజుల్లో వచ్చి, కుర్చీలో కూర్చుని, "పలచగా, ఇంకా పలచగా వెయ్యి బాబూ" అంటూ ఉండేవారు. వెల్ల పూసినప్పుడు నీళ్ళలా ఉండి కింద గోడ కనిపిస్తూనే ఉంటుంది, అది చూసి కొత్తవారు చిక్కగా పూసేస్తారు, అప్పుడు పొరలు లేస్తుంది. పలుచని పూతలు నాలుగైదు వేస్తే రాత్రి గడిచేసరికి గోడ తనంతట తాను తెల్లబడుతుంది. మొన్న వానలు తగ్గాక వెనుక గదికి వెల్ల నేనే వేశాను. మా అమ్మాయి సెలవుకు వచ్చి ఉంది, బకెట్టు అందించింది. సున్నం కోసం పెరట్లో గుంత మూత తీశాము. మేస్త్రీ గారు ఉడికించిన సున్నంలో మిగిలినది ఇంకా మోకాలి లోతు ఉంది. నీటి కింద ఉన్నంతకాలం అది గట్టిపడదు. చెయ్యి పెట్టి తీస్తే వెన్నలా మెత్తగా, చల్లగా వచ్చింది. మాకు కావలసినంత తీసుకున్నాము. మిగిలినదాన్ని తాపీతో చదును చేసి, మీద జానెడు నీళ్ళు నిలిచేదాకా పోసి, మూత పెట్టాము.